అమెరికన్ గ్రాఫిటీ: చూడబోయేవాళ్లూ, చూసేసినవాళ్లూ అడిగే ప్రశ్నలు

మేం శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో ఉంటాం. నెలకో శనివారం రాత్రి మా హాల్లో పది పన్నెండు మంది తెలుగువాళ్లం చేరి పాత ఇంగ్లీషు సినిమా ఒకటి చూస్తాం. 'అమెరికన్ గ్రాఫిటీ' ఇప్పటికి మూడుసార్లు వేశాను. ప్రతిసారీ జనం మారారు, ప్రశ్నలు మాత్రం మారలేదు. సినిమా అయ్యాక వారం రోజులు ఫోన్లోనూ అవే ప్రశ్నలు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఇలా రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, ఎవరికి కావలసింది వాళ్లు చూసుకోండి. ముగింపు ముందే తెలియకూడదు అనుకునేవాళ్లు 'చూసేశాక' అన్న భాగం జోలికి పోకండి.

## చూడబోయే ముందు

ఇంతకీ ఇది ఏ సినిమా? ఎవరు తీశారు?

1973 ఆగస్టులో వచ్చిన అమెరికన్ సినిమా. దర్శకుడు జార్జ్ లూకాస్. అవును, 'స్టార్ వార్స్' లూకాసే. అది దీని తర్వాత నాలుగేళ్లకు వచ్చింది. నిర్మాత ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా, సహనిర్మాత గ్యారీ కర్ట్జ్, విడుదల చేసింది యూనివర్సల్ స్టూడియో. నిడివి రెండు గంటల్లోపే. కాలిఫోర్నియాలోని మొడెస్టో అనే ఊళ్లో, 1962 వేసవి చివర్లో, ఒకే ఒక్క రాత్రి జరిగే కథ. పొద్దుగూకేటప్పుడు మొదలై మర్నాడు పొద్దున్నే అయిపోతుంది.

కథేంటో ఒక్క ముక్కలో చెప్పండి, చూడాలో వద్దో తేల్చుకుంటాం.

హైస్కూలు అయిపోయిన ఇద్దరు స్నేహితులు, కర్ట్, స్టీవ్, తెల్లారితే విమానమెక్కి దూరంగా తూర్పున ఉన్న కాలేజీకి వెళ్లాలి. స్టీవ్ ఎగిరి గంతేస్తున్నాడు. కర్ట్‌కి మాత్రం కాళ్లు ముందుకు పడటం లేదు. స్టీవ్ తన తెల్ల ఇంపాలా కారుని టెర్రీ అనే సోడాబుడ్డి కళ్లద్దాల కుర్రాడికి అప్పగిస్తాడు. ఆ కారు చేతిలో ఉంటే చాలు, తాను హీరో అనుకుంటాడు వాడు. నాలుగోవాడు జాన్ మిల్నర్, ఇరవై రెండేళ్లవాడు. ఊళ్లో అందరికంటే వేగంగా పోయే పసుపు కారు అతనిది. అతను మాత్రం ఎక్కడికీ వెళ్లడు. ఈ నలుగురూ ఆ రాత్రి విడివిడిగా పడే తిప్పలే సినిమా.

పిల్లలతో కలిసి చూడొచ్చా?

అమెరికాలో దీనికిచ్చింది పీజీ రేటింగ్, అంటే పిల్లలకి చూపించాలో వద్దో పెద్దలు చూసుకోవాలని. రక్తపాతం లేదు, పడకగది దృశ్యాలు లేవు. కార్లలో ముద్దులు, దొంగచాటుగా మందు కొనే ప్రహసనం, కొన్ని బూతు మాటలు ఉన్నాయి. ఒకచోట ఓ కుర్రాడు కారు అద్దానికి పిర్రలు ఆనించి చూపిస్తాడు. మా ఇంట్లో ఆ సీనుకి పిల్లలు పడీ పడీ నవ్వారు, పెద్దలు ఫోన్లు చూసుకున్నారు. పదమూడు, పద్నాలుగేళ్లు దాటిన పిల్లలైతే పర్లేదనే అంటాను. ఇంకా చిన్నవాళ్లకి బూతుల కంటే ముందు విసుగు వస్తుంది.

సబ్‌టైటిల్స్ లేకుండా అర్థమవుతుందా?

పెట్టుకోండి. వెనకాల రేడియో క్షణం ఆగదు, పైగా అరవై ఏళ్ల కిందటి కుర్రకారు యాస. ఇక్కడ పాతికేళ్లుగా ఉంటున్న మాకే కొన్ని మాటలు అందలేదు.

పేరులో 'గ్రాఫిటీ' ఏంటి? సినిమాలో ఎవరూ గోడల మీద రాయరే?

ఈ అనుమానం యూనివర్సల్ వాళ్లకీ వచ్చింది. వాళ్లకి ఈ పేరు అస్సలు నచ్చలేదు. 'మొడెస్టోలో మరో చప్పటి రాత్రి' అనే అర్థం వచ్చే పేరు ఒకటి అనుకున్నారు. కొప్పోలా 'రాక్ అరౌండ్ ది బ్లాక్' అన్నాడు. లూకాస్ మాత్రం పట్టు వదల్లేదు. నాకు అర్థమైనంతలో, ఊరు వదిలిపోయేవాడు బడి బెంచీ మీద మేకుతో పేరు చెక్కిపోతాడు చూడండి, అలాంటి గీతల్లాగే ఆ రాత్రిని ఆయన సినిమాలో గీసి పెట్టాడు.

## చూస్తున్నప్పుడు

అరగంటైంది, ఏమీ జరగట్లేదు. కథ ఎప్పుడు మొదలవుతుంది?

ప్రతిసారీ సరిగ్గా ఇరవై అయిదో నిమిషానికి ఎవరో ఒకరు ఈ మాట అంటారు. కథ మొదలైపోయింది. ఒక సమస్య, దాని ముడి, ఆ ముడి విప్పడం అనే వరసలో ఇది నడవదు. నాలుగు కథలు నాలుగు కార్లలో తిరుగుతూ సిగ్నళ్ల దగ్గర ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. చిన్న ఊరి కుర్రాళ్ల కాలక్షేపం మీద ఇటలీ దర్శకుడు ఫెల్లీని 1953లో తీసిన 'ఇ విటెల్లోని' తనకు దారి చూపిందని లూకాస్ చెప్పుకున్నాడు. యూనివర్సల్ వాళ్లకీ మొదట్లో ఇదే తిక్కగా అనిపించింది.

చిట్కా ఒకటి చెప్తాను. ఎవరు ఏం చేస్తున్నారన్నది కాసేపు పక్కన పెట్టి, రేడియో వినండి. ఒక కారులో మొదలైన పాట ఇంకో కారులో, ఆ తర్వాత హోటల్ ముందు, ఆ తర్వాత దూరంగా ఎక్కడో వినిపిస్తూనే ఉంటుంది. నాలుగు కథలనీ కలిపి కుట్టిన దారం అదే. అది పట్టుకున్నాక ఎవరూ టైమ్ చూసుకోలేదు.

అస్తమానం అవే కార్లేసుకుని అదే రోడ్డులో ఎందుకు తిరుగుతారు? పనీపాటా లేదా?

లేదు, అదే అసలు సంగతి. దీన్ని క్రూజింగ్ అంటారు. సాయంత్రం అయ్యేసరికి ఊళ్లో కారున్న ప్రతి కుర్రాడూ తుడిచి మెరిపించుకుని నడివీధిలో రౌండ్లు కొట్టేవాడు. మొడెస్టోలో పదో వీధి, పదకొండో వీధి దీనికి పేరు. కారు మెల్లగా పోవాలి, అద్దం దించి ఉండాలి, పక్క కారులో అమ్మాయిలు కనిపిస్తే ఎర్ర దీపం ఆరే లోపు మాట కలపాలి. పచ్చ దీపం పడితే పరిచయం అక్కడితో ముగిసినట్టే. అమెరికాలో జోడీలు కుదుర్చుకునే తంతు ఇదేనని లూకాస్ అభిప్రాయం. ఆయన కాలేజీకి వెళ్లి వచ్చేసరికి ఆ అలవాటు కరిగిపోతోంది. అది పూర్తిగా పోకముందే ఫిలిం మీద పెట్టాలన్న ఆత్రంతో ఈ సినిమా మొదలైంది.

రేడియోలో ఆ గరగర గొంతు ఎవరిది? వుల్ఫ్‌మన్ జాక్ నిజంగా ఉన్నాడా?

ఉన్నాడు, సినిమాలో స్వయంగా నటించాడు కూడా. అసలు పేరు రాబర్ట్ స్మిత్. 1960ల్లో మెక్సికో గడ్డ మీది స్టేషన్ల నుంచి అమెరికా కుర్రకారుకి రాత్రంతా పాటలు వేసేవాడు. అమెరికా చట్టం ఒప్పుకోనంత శక్తితో నడిచే స్టేషన్లవి, రాత్రిపూట వందల మైళ్లు వినిపించేవి. మనిషి ఎలా ఉంటాడో ఎవరికీ తెలియదు. ఆయన నల్లవాడని ఇంట్లో రేడియో పెట్టనివ్వరని సినిమాలో ఒక పిల్ల అంటుంది, గుర్తుందా? ఆ అనుమానం అప్పట్లో నిజంగానే ఉండేది. మనిషి తెల్లవాడే.

కర్ట్ ఆయన్ని వెతుక్కుంటూ అర్ధరాత్రి దాటాక ఊరి చివర స్టేషన్‌కి వెళ్లే సీను కాస్త జాగ్రత్తగా చూడండి. లోపల గడ్డపాయన ఒకడు ఒక్కడే కూర్చుని పుల్ల ఐసు చీకుతూ ఉంటాడు. ఫ్రిజ్ పాడైంది, ఐసులన్నీ కరిగిపోతున్నాయి, నువ్వూ ఒకటి తీసుకో అంటాడు. చేతులన్నీ జిగట. నేను వుల్ఫ్‌మన్‌ని కాను, ఆయన ఇక్కడ ఉండడు, ఉన్నవన్నీ టేపులే అంటాడు. ప్రపంచం చాలా పెద్దది, ఈ ఊళ్లో ఏముంది అన్నట్టు నాలుగు మంచి మాటలు చెప్పి పంపిస్తాడు. కర్ట్ బయటికి నడుస్తూ వెనక్కి తిరిగి అద్దంలోంచి చూస్తాడు. ఆ గడ్డపాయనే మైకు ముందు వంగి తోడేలులా ఊళ పెడుతూ ఉంటాడు. ఆ ఊరు కదలకుండా ప్రపంచమంతా తిరిగినట్టు మాట్లాడిన మనిషి, ఐసులు కరిగే గదిలో ఒంటరిగా. సినిమా మొత్తంలో నాకు నచ్చిన సీను ఇది.

పాట ఆగితే ఒట్టు. మొత్తం ఎన్ని పాటలు?

నలభై పైనే. ఆల్బమ్‌గా వచ్చిన రెండు రికార్డుల సెట్‌లో 41 ఉన్నాయి. సినిమా కోసం చేసిన నేపథ్య సంగీతం అంటూ లేదు, ఉన్నదంతా రేడియోలో వచ్చే పాటలే. లూకాస్ ఒక్కో సీనూ రాసేటప్పుడే దానికి పాట ఎంచుకుని పెట్టుకున్నాడు. హక్కులకే సినిమా ఖర్చులో పదో వంతు పైన పోయింది. ఎల్విస్ ప్రెస్లీ పాట ఒక్కటీ లేకపోవడానికి కారణం డబ్బే. అన్ని పాటలకీ ఒకే రేటు ఇస్తామంటే ఎల్విస్ కంపెనీ ఒప్పుకోలేదు.

పాటలు పెట్టడం కంటే వాటిని వినిపించిన తీరే గొప్ప. శబ్దం చూసిన వాల్టర్ మర్చ్ స్టూడియో రికార్డులోని శుభ్రమైన పాటని అలాగే వాడలేదు. ఒక ఇంటి పెరట్లో ఆయన, లూకాస్ ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకరి దగ్గర స్పీకరు, ఇంకొకరి దగ్గర మైకు. పాట పెట్టి, స్పీకరునీ మైకునీ మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ మళ్లీ రికార్డు చేశారు. గోడలకి తగిలి, గాలికి చెదిరి వచ్చే పాట అలా దొరికింది. వివిధభారతి రోజుల్లో వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి వెళ్తే ప్రతి ఇంటి కిటికీలోంచీ అదే పాట, ఒక్కో ఇంటి దగ్గర ఒక్కోలా వినిపించేది కదా. సరిగ్గా అదే అనుభవం. మా నాన్నగారికి ఇంగ్లీషు పాట ఒక్కటీ తెలియదు, కానీ ఆయనకి సినిమాలో ముందుగా పట్టుబడింది ఇదే.

ఆ పాటలన్నీ 1962 నాటివేనా? ఎక్కడా పప్పులో కాలేయలేదా?

చాలావరకు 1950ల పాటలు, 60ల తొలినాళ్లవి. మొదట్లో వచ్చే 'రాక్ అరౌండ్ ది క్లాక్' 1954లో రికార్డు చేసింది. రేడియోలో పాత పాటలు రావడం మామూలే కాబట్టి అది తప్పు కాదు. ముగింపులో వచ్చే బీచ్ బాయ్స్ పాట 'ఆల్ సమ్మర్ లాంగ్' మాత్రం 1964ది. అయితే అది వచ్చేసరికి కథ అయిపోయి పేర్లు పడుతుంటాయి, కాబట్టి దాన్ని తప్పు పట్టుకోబుద్ధి కాదు. బడ్డీ హాలీ పోయాక రాక్ అండ్ రోల్ దిగజారిపోయిందని మిల్నర్ సణుగుతాడు. హాలీ 1959 ఫిబ్రవరిలో విమాన ప్రమాదంలో పోయాడు. మూడేళ్లకే 'ఆ రోజులే వేరు' అంటున్నాడన్నమాట ఈ ఇరవై రెండేళ్ల ముసలాయన.

బొమ్మ గరుగ్గా, చుక్కలు చుక్కలుగా ఉందేంటి? ప్రింటు పాడైందా?

పాడవలేదు, తీసిందే అలా. టెక్నిస్కోప్ అనే పద్ధతిలో ఒక్కో ఫ్రేముకి మామూలులో సగం ఫిలిమే వాడతారు. ఖర్చు తక్కువ, తెర వెడల్పు, కాకపోతే చుక్కలు తేలతాయి. పైగా దాదాపు అంతా రాత్రిపూట తీసిందే. మొదటి రోజుల్లో దృశ్యాలు మరీ చీకటిగా వస్తుంటే హాస్కెల్ వెక్స్‌లర్ అనే పేరుమోసిన ఛాయాగ్రాహకుణ్ని బతిమాలి తెచ్చుకున్నారు. ఆయన పగలు లాస్ ఏంజెలెస్‌లో వ్యాపార ప్రకటనలు తీసి, రాత్రికి విమానంలో ఇక్కడికి వచ్చేవాడు. షాపుల్లో పెద్ద బల్బులు వేయించి, కార్ల లోపల చిన్న చిన్న దీపాలు దాచిపెట్టాడు. జూక్‌బాక్సులా రంగురంగుల వెలుగులు రావడం వెనక ఉన్నది ఆయనే.

టోపీ పెట్టుకుని రేసుకి పిలిచే ఆ పొగరుబోతు హారిసన్ ఫోర్డేనా?

ఆయనే. అప్పటికి అవకాశాల్లేక వడ్రంగి పని చేసుకుంటున్నాడు. షూటింగ్ జరుగుతుండగానే ముప్ఫై ఏళ్లు నిండాయి. పాత్ర కోసం జుట్టు పొట్టిగా కత్తిరించుకోమంటే, ఇంత చిన్న వేషానికి జుట్టు ఇవ్వలేనన్నాడు. టోపీ అలా వచ్చింది.

మొదట్లో టెర్రీ స్కూటరు గోడకి గుద్దేస్తాడు. అది స్క్రిప్టులో ఉందా?

లేదు. చార్ల్స్ మార్టిన్ స్మిత్‌కి వెస్పా అదుపు తప్పింది, నిజంగానే వెళ్లి గుద్దాడు. గుద్దాక కూడా పాత్రలోనే ఉండి నడిచి వచ్చేశాడు. లూకాస్ కెమెరా ఆపలేదు, ఆ షాట్ అలాగే ఉంచేశాడు. టెర్రీ ఎలాంటివాడో అర నిమిషంలో తెలిసిపోతుంది.

## చూసేశాక

రేసులో మిల్నర్ నిజంగా గెలిచాడా?

గెలవలేదు. హారిసన్ ఫోర్డ్ వేషం వేసిన ఫాల్ఫా అనేవాడి కారు ముందుకు పోతుండగా టైరు పేలి పల్టీ కొట్టి మంటల్లో పడింది. ఆ టైరు పేలకపోతే తను ఓడిపోయేవాడినని మిల్నరే టెర్రీతో అంటాడు. టెర్రీ ఒప్పుకోడు. అదేం లేదు, నీ అంత మొనగాడు లేడు, ఎప్పటికీ నువ్వే అని వాదిస్తాడు. కాసేపటికి మిల్నర్ సరేలే అన్నట్టు ఊరుకుంటాడు. ఒకడికి నిజం తెలుసు, ఇంకొకడికి అక్కర్లేదు. రేసంతా తీసింది ఈ నాలుగు మాటల కోసమే అనిపిస్తుంది నాకు.

వెళ్తానన్న స్టీవ్ ఉండిపోయాడు, వద్దన్న కర్ట్ వెళ్లాడు. ఇదెలా?

మొదటి సీను నుంచే చూడండి. స్టీవ్‌కి వెళ్లడం అంటే గొప్ప. ఎందుకు వెళ్తున్నాడో మాత్రం ఒక్కసారీ చెప్పడు. తన ప్రేయసి లారీని వదిలి వెళ్లాల్సి వచ్చేసరికి ఆ గొప్ప కాస్తా గాల్లో కలిసింది. కర్ట్ రాత్రంతా సాకులు వెతుకుతాడు: తెల్ల కారు అమ్మాయి, పాత బడి, రౌడీ మూక. ఒక్కొక్కటీ చూసేశాక ఇక వెతకడానికి ఏమీ మిగలదు. స్టీవ్ చేసింది పొరపాటని సినిమా ఎక్కడా అనదు. మా వాళ్లలో సగం మంది స్టీవ్ పక్షమే. మేమందరం ఇళ్లు వదిలి వచ్చినవాళ్లమే మరి.

తెల్ల కారులో అమ్మాయి ఎవరు? చివరికి దొరుకుతుందా?

దొరకదు. పొద్దున్నే ఫోన్ బూత్‌కి ఫోన్ చేస్తుంది, పేరు చెప్పదు. కర్ట్ విమానం ఎక్కాక కిటికీలోంచి చూస్తే కింద రోడ్డు మీద ఆ తెల్ల థండర్‌బర్డ్ పోతూ ఉంటుంది. ఆ వేషం వేసింది సుజాన్ సోమర్స్. తెర మీద ఉండేది కొన్ని సెకన్లే. తర్వాతి కాలంలో టీవీలో పెద్ద పేరు తెచ్చుకుంది.

చివర్లో నాలుగు ఫోటోలు, కింద రాతలు. అవి నిజమా? ఎందుకు పెట్టారు?

పాత్రలు కల్పితమే కాబట్టి ఆ రాతలూ కల్పితమే. మిల్నర్ 1964 డిసెంబరులో తాగి కారు నడుపుతున్నవాడి చేతిలో చనిపోయాడు. టెర్రీ 1965 డిసెంబరులో వియత్నాంలోని ఆన్ లోక్ దగ్గర యుద్ధంలో గల్లంతయ్యాడు. స్టీవ్ మొడెస్టోలోనే ఇన్సూరెన్సు ఏజెంటు. కర్ట్ రచయిత, కెనడాలో ఉంటున్నాడు. 1973లో ఈ సినిమా చూసిన అమెరికన్‌కి చివరి ముక్క విడమరచి చెప్పక్కర్లేదు. వియత్నాం యుద్ధానికి బలవంతంగా పంపిస్తారని అప్పట్లో ఎంతోమంది కుర్రాళ్లు కెనడా వెళ్లిపోయారు. గంటన్నర పైగా నవ్వించి, నాలుగు వాక్యాలతో గొంతు పట్టుకుంటుంది సినిమా. మా హాల్లో ప్రతిసారీ దీపాలు వేసేది నేనే, ఎవరూ లేవరు కాబట్టి.

అమ్మాయిలు ఏమయ్యారో ఎందుకు చెప్పలేదు?

మా ఆవిడ మొదటిసారి చూసినప్పుడు అడిగిన ప్రశ్న ఇది. సినిమా వచ్చిన రోజుల్లోనే విమర్శకురాలు పాలిన్ కేల్ ఇదే మాట ఎత్తిపొడిచింది. స్టీవ్ ప్రేయసి లారీ, టెర్రీ కారెక్కిన డెబీ, మిల్నర్ కారెక్కిన చిన్నపిల్ల క్యారల్ లేకపోతే ఆ రాత్రి సగం కథ లేదు, అయినా వాళ్లకి ఒక్క ముక్క దక్కలేదు. ఇది నలుగురు మగపిల్లల కథ అనేది ఒక సమాధానం. నాకది సరిపోదు. సినిమాలో నేను ఒప్పుకోని చోటు ఇదొక్కటే.

ఇది లూకాస్ సొంత కథేనా?

చాలావరకు. 1944లో మొడెస్టోలో పుట్టాడు, అక్కడే పెరిగాడు, కార్ల పిచ్చిలోనే హైస్కూలు గడిచిపోయింది. తొలినాళ్లలో టెర్రీలా బిక్కుబిక్కుమంటూ, ఆ తర్వాత మిల్నర్‌లా కార్లలో, చివరికి కర్ట్‌లా చదువు వైపు, మూడు పాత్రల్లోనూ తానే ఉన్నానని చెప్పాడు.

1962 జూన్ 12న, హైస్కూలు పట్టా అందుకోవడానికి రెండు మూడు రోజుల ముందు, తన బుల్లి ఇటలీ కారుతో ఇంటి వైపు మలుపు తిరుగుతుంటే ఇంకో కారు గుద్దింది. కారు పల్టీలు కొట్టింది. రేసుల కోసం బిగించుకున్న బెల్టు తెగి ఆయన బయటపడిపోయాడు. కారు వెళ్లి అక్రోటు చెట్టుకి చుట్టుకుపోయింది. బెల్టు తెగకపోయి ఉంటే బతికేవాడు కాదు. రేసుల ఆశ అక్కడితో ముగిసి, డిగ్రీలో మొదటి రెండేళ్లు చెప్పే జూనియర్ కాలేజీకీ, అక్కడి నుంచి సినిమా చదువుకీ వెళ్లాడు. తెల్లవారుజామున ఆ రేసు దృశ్యం తీసిన మనిషికి కారు పల్టీ కొట్టడం అంటే ఏంటో ఒంటితో తెలుసు.

## తీసినవాళ్ల గురించి

ఎవరూ డబ్బు పెట్టలేదంటారు. ఎందుకని?

లూకాస్ మొదటి సినిమా 'టీహెచ్ఎక్స్ 1138' 1971లో వచ్చి బోల్తా కొట్టింది. అది భవిష్యత్తు గురించిన పొడిపొడి సినిమా. మనుషులూ నవ్వూ ఉన్న సినిమా తీయగలవా అని కొప్పోలా రెచ్చగొట్టాడు. యునైటెడ్ ఆర్టిస్ట్స్ పది వేల డాలర్లిచ్చి స్క్రిప్టు రాయించి, చదివి వద్దంది. మిగతా స్టూడియోలూ తిప్పి పంపాయి. చివరికి యూనివర్సల్‌లో నెడ్ టానెన్ ఒప్పుకున్నాడు, పేరున్న మనిషి ఒకడు నిర్మాతగా ఉండాలన్న షరతు మీద. కొప్పోలా తీసిన 'గాడ్‌ఫాదర్' అప్పుడే విడుదలై దుమ్ము రేపుతోంది, కాబట్టి ఆయన పేరు పనికొచ్చింది. బడ్జెట్ దాదాపు 7,77,000 డాలర్లు. ఆ రోజుల్లో కూడా అది చాలా చిన్న మొత్తం.

28 రాత్రుల్లో తీశారన్నది నిజమేనా?

నిజమే. 1972 జూన్ 26న మొదలై ఆగస్టు మొదటి వారంలో ముగిసింది. రాత్రి తొమ్మిదికి మొదలు, తెల్లారేసరికి ఆపాలి. వేసవి రాత్రులు పొట్టివి. మొడెస్టో అప్పటికే మారిపోయిందని శాన్ రఫాయెల్ అనే ఊరు ఎంచుకున్నారు. మొదటి రాత్రంతా కార్లకి కెమెరాలు బిగించడంలోనే గడిచిపోయింది. వెంటనే ఒక బారు యజమాని, వీధి మూసేస్తే నా వ్యాపారం ఏం కావాలని గొడవపెట్టాడు. ఊరివాళ్లు అనుమతి రద్దు చేశారు. అప్పటికప్పుడు సామానంతా సర్దుకుని ఇంకా ఉత్తరాన ఉన్న పెటలుమాకి పరుగెత్తారు. ఇవాళ మనం చూసే వీధి చాలావరకు పెటలుమాదే.

ప్రివ్యూలో కొప్పోలా సినిమా కొనేస్తానన్నాడట?

1973 జనవరి 28, ఆదివారం పొద్దున, శాన్ ఫ్రాన్సిస్కోలో నార్త్‌పాయింట్ థియేటర్. జనం కేకలు వేస్తూ చూశారు. టానెన్ మాత్రం బయటికొచ్చి ఇది విడుదల చేసే స్థితిలో లేదన్నాడు. కొప్పోలాకి ఒళ్లు మండింది. ఈ కుర్రాడు మీ కోసం ప్రాణం పెట్టి పనిచేస్తే మెచ్చుకోవాల్సింది పోయి ఇదా అని కేకలేసి, నచ్చకపోతే ఇప్పుడే చెక్కు రాస్తాను, సినిమా నాకిచ్చేయండి అన్నాడు. యూనివర్సల్ ఇవ్వలేదు. నాలుగైదు నిమిషాలు కత్తిరించి విడుదల చేసింది. ఆ కత్తిరింపులు లూకాస్ మర్చిపోలేదు. 'స్టార్ వార్స్' ఆడాక 1978లో మళ్లీ విడుదల చేసినప్పుడు వాటిని తిరిగి చేర్పించాడు.

స్క్రిప్టు, ఎడిటింగ్ వెనక ఆడవాళ్లు ఉన్నారంటారు. ఎవరు?

స్క్రిప్టులో లూకాస్‌తో పాటు గ్లోరియా కట్జ్, ఆమె భర్త విలర్డ్ హైక్ ఉన్నారు. స్టీవ్, లారీల తగువులు బతికి ఉన్నాయంటే ఆ దంపతుల చలవే. ఎడిటింగ్ వెర్నా ఫీల్డ్స్, మార్షా లూకాస్. నాలుగు కథల్ని పాటలకి సరిపోయేలా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దూర్చడం మాటలు కాదు. ఫీల్డ్స్ తర్వాత 'జాస్'కి, మార్షా 'స్టార్ వార్స్'కి ఎడిటింగ్ ఆస్కార్లు అందుకున్నారు. మార్షా అప్పటికి లూకాస్ భార్య. ఆ ఒక్క మాటతోనే ఆమెని పరిచయం చేసేవాళ్లంటే నాకు చిరాకు.

నటులు తర్వాత ఏమయ్యారు?

కర్ట్‌గా చేసిన రిచర్డ్ డ్రైఫస్ రెండేళ్లకే 'జాస్'లో కనిపించాడు, ఉత్తమ నటుడిగా ఆస్కార్ కూడా అందుకున్నాడు. స్టీవ్‌గా చేసిన రాన్ హవర్డ్ చిన్నప్పటి నుంచే టీవీ నటుడు, షూటింగ్ నాటికి నిజంగానే పద్దెనిమిదేళ్లు. తర్వాత దర్శకుడై 'అపోలో 13' తీశాడు, 'ఎ బ్యూటిఫుల్ మైండ్'కి ఆస్కార్ కొట్టాడు. లారీగా చేసిన సిండీ విలియమ్స్ టీవీలో ఇంటింటికీ తెలిసిన పేరైంది. క్యారల్‌గా చేసిన మెకెంజీ ఫిలిప్స్‌కి షూటింగ్‌లో పన్నెండేళ్లే. చట్టం ప్రకారం పిల్లకి సంరక్షకుడు ఉండాలి కాబట్టి గ్యారీ కర్ట్జే ఆ బాధ్యత రాయించుకున్నాడు. మిల్నర్‌గా అదరగొట్టిన పాల్ ల మ్యాట్‌కి మాత్రం రావలసినంత పేరు రాలేదనే నా బాధ.

'స్టార్ వార్స్'లో రోబో ఆర్‌టూ డీటూ పేరు ఈ సినిమా నుంచే వచ్చిందా?

అవును. సౌండ్ మిక్సింగ్ జరుగుతుంటే, రెండో రీలు, రెండో డైలాగు ట్రాక్ కావాలని మర్చ్ పొట్టి మాటల్లో 'ఆర్ టూ, డీ టూ' అన్నాడు. లూకాస్ చెవికి అది బాగుందనిపించి రాసి పెట్టుకున్నాడు.

ఆస్కార్ వచ్చిందా? డబ్బులు వచ్చాయా?

డబ్బులు కురిశాయి. మళ్లీ మళ్లీ విడుదలలతో కలిపి అమెరికాలోనే పది కోట్ల డాలర్లు దాటింది. ఆ విజయమే లూకాస్‌కి 'స్టార్ వార్స్' రాసుకునే తీరిక ఇచ్చింది. ఆస్కార్‌కి అయిదు నామినేషన్లు: చిత్రం, దర్శకత్వం, స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్, డెబీగా చేసిన క్యాండీ క్లార్క్‌కి సహాయ నటి. ఒక్కటీ రాలేదు. నాలుగింటిని 'ది స్టింగ్' ఎగరేసుకుపోయింది. 1995లో అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చోటు దక్కింది.

రెండో భాగం ఉందట, చూడొచ్చా?

1979లో వచ్చింది, దర్శకుడు వేరే. చూడకపోయినా నష్టం లేదు.

## ఊళ్లు చూడాలనుకునేవాళ్లకి

మొడెస్టో వెళ్తే సినిమాలో వీధి కనిపిస్తుందా?

కనిపించదు, సినిమా అక్కడ తీయలేదు. ఫైవ్ పాయింట్స్ కూడలిలో మాత్రం కారుని ఆనుకున్న ఒక అబ్బాయి, అమ్మాయి కంచు విగ్రహం ఉంది, ఆ చోటికి లూకాస్ పేరే పెట్టారు.

సినిమాలో కుర్రకారు చేరే హోటల్, మెల్స్ డ్రైవ్-ఇన్ ఇంకా ఉందా?

సినిమాలో గులాబీ, ఆకుపచ్చ నియాన్ దీపాలతో వెలిగేది శాన్ ఫ్రాన్సిస్కోలోని సౌత్ వాన్ నెస్ వీధిలో ఉండేది. సినిమా వచ్చిన కొన్నేళ్లకే కూల్చేశారు. అదే పేరుతో ఇప్పుడు హోటళ్లు ఉన్నాయి, పిల్లలు ముచ్చటపడతారు. స్కేట్ల మీద ట్రే తెచ్చే అమ్మాయిల కోసం చూడకండి.

మరి పెటలుమాలో ఏం చూడాలి?

బే ఏరియాలోని ఫ్రీమాంట్ నుంచి ట్రాఫిక్ లేకపోతే గంటా గంటన్నర. మేలో వెళ్తే మంచిది, ఏటా అప్పుడు పాత కార్లతో ఈ సినిమా పేరిట ఒక పండగ చేస్తారు. మిగతా రోజుల్లో పెటలుమా బుల్‌వార్డ్ మీద నడిస్తే చాలు, పాత ఇటుక భవనాలు అలాగే ఉన్నాయి. పోలీసు కారు వెనక చక్రాలు ఊడిపోయే సీను అక్కడిదే. తెల్లవారుజాము రేసు తీసింది ఊరి బయట ఫ్రేట్స్ రోడ్ మీద. మేం వెళ్లినరోజు పొద్దున్నే మంచు, అటూ ఇటూ గడ్డి మైదానాలు. మా అబ్బాయి కారు పక్కకి ఆపి ఫోన్లో 'గ్రీన్ ఆనియన్స్' పెట్టాడు, సినిమాలో రేసుకి ముందు వచ్చే పాట. వెనక నుంచి పాల ట్యాంకరు వచ్చి హారన్ కొట్టేసరికి మళ్లీ కారెక్కేశాం.